పదివేలు వస్తే పాసు

ఆదివారం పొద్దున్నే చేయవలసిన పనులు:

ఒకటి. నాలుగు బ్యాండులకూ నిండా ఛార్జింగు పెట్టాలి.
రెండు. ఏది ఎవరిదో వెనకవైపు చిన్న కాగితం అంటించాలి.
మూడు. నాన్న, అమ్మ, తాతయ్య, అత్త, నలుగురికీ ఎడమ చేతికే కట్టాలి. స్నానానికి తప్ప విప్పొద్దని చెప్పాలి.
నాలుగు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండమని చెప్పాలి.
ఐదు. తాతయ్యకు మళ్ళీ చెప్పాలి.
ఆరు. వారం తిరిగాక, సోమవారం పది గంటలకు మేడం బల్లమీద రిపోర్టు పెట్టాలి.
ఏడు. భయపడకూడదు.

ఈ జాబితా రాసుకున్న అమ్మాయిని ఇంట్లో అందరూ ‘డిగ్రీ’ అంటారు. ఆ ఇంట్లో ఆమెకు ముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. పట్టా పుచ్చుకుని వచ్చిన రోజున తాతయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇన్నేళ్ళు చదివితే ఒకవైపే అచ్చేశారేమని అడిగాడు. ఆనాటి నుంచి ఆమె అసలు పేరు కాగితాలకే మిగిలిపోయింది.

డిగ్రీకి ఉద్యోగం దొరికింది చేతికి కట్టుకునే బ్యాండులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, కొండలెక్కేవాళ్ళు వాటిని కట్టుకుంటారు. ఎన్ని అడుగులు వేశారో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎంతసేపు నిద్రపోయారో బ్యాండు లెక్కగట్టి ఫోనుకు చెబుతుంది. ఆమెది పరీక్షల విభాగం. ఇంకా ట్రైనీయే. ఆరు నెలల గడువు ఆ వారంతో అయిపోతుంది. ఆఖరి పని ‘ఇంటి పరీక్ష’. కొత్తరకం బ్యాండులు నాలుగు ఇంటికి తీసుకెళ్ళి, నలుగురు మామూలు మనుషులకు వారంపాటు కట్టి, వచ్చిన అంకెలు నిజమేనని రుజువుతో చూపించాలి. మనిషికొక వరస చొప్పున నాలుగు వరసల్లో కనీసం మూడు నిలబడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే లేదు.

ఆ వరసలు నిలబడవలసింది మేడం ఎదుట. ఆవిడను ఆఫీసులో వెనకాల ‘రుజువు మేడం’ అంటారు. ఎవరైనా శుభోదయం చెప్పినా కిటికీలోంచి ఒకసారి బయటికి చూసుకున్నాకే తిరిగి చెబుతుందని ప్రతీతి.

ఆదివారం పొద్దున డిగ్రీ నలుగురినీ ముందుగదిలో కూర్చోబెట్టింది. ఆ గదిలోనే నాన్న కుట్టుమిషను ఉంటుంది, కాలితో తొక్కేది. నాన్న దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ను చూస్తే ఇంట్లోవాళ్ళే ఒక క్షణం పోల్చుకోలేరు.

“అయితే ఇది పరీక్షన్నమాట,” అన్నాడు నాన్న మణికట్టు ముందుకు చాపి.

“పరీక్షే నాన్నా, కానీ...”

“పాసు మార్కెంత?”

“పాసూ ఫెయిలూ ఏం లేదు. మీరు మామూలుగా ఉంటే చాలు.”

“పాసు మార్కు లేని పరీక్ష ఎక్కడైనా ఉంటుందా తల్లీ? మేం కంగారు పడతామని దాస్తున్నావు.”

“అయ్యో, లేదు నాన్నా. రోజుకు పదివేల అడుగులు వేస్తే మంచిదని జనం అనుకుంటారు. అంతే. దానికీ దీనికీ సంబంధం లేదు.”

‘అంతే’ నుంచి ఎవరికీ వినపడలేదు. పదివేలు మాత్రం అందరికీ వినపడింది. నాన్న అమ్మవైపు చూశాడు. అమ్మ తాతయ్యవైపు చూసింది. తాతయ్య ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాడు. అంకె వినగానే ఆయన కుడిచేతి వేళ్ళు టికెట్లు చింపుతున్నట్టు వాటంతట అవే కదిలాయి.

నాలుగో మనిషి అత్త. నాన్నకు అక్క. ఆస్పత్రిలో ఏదో ఫైళ్ళ పని. సాయంత్రం ఇంటికి రాగానే కుర్చీలో కూలబడి, రెండు కాళ్ళూ ముక్కాలిపీట మీద పెట్టి, “టీ” అంటుంది. ఇక రాత్రి అన్నం దాకా ఆ కాళ్ళు నేల తాకవు. ఆదివారమైతే పొద్దుటి నుంచే తాకవు. తాతయ్య ఆమెకు ‘మహారాణి’ అని పేరు పెట్టాడు. ఆమె ఎడమ చెయ్యి మేనకోడలికి అప్పగించి, “కట్టేది కట్టుకోవే. నన్ను మాత్రం లేపకు,” అని కళ్ళు మూసుకుంది.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఆ ఇంటివాళ్ళను తప్పుపట్టే ప్రమాదముంది. డిగ్రీ చదువుకున్నన్నాళ్ళూ వాళ్ళు చేయగలిగిన సాయమల్లా పరీక్ష హాలు గేటు బయట నిలబడటమే. లోపల ప్రశ్నలేమిటో తెలియదు, జవాబులేమిటో అసలే తెలియదు. ఎండలో నిలబడి, గంట కొట్టగానే “బాగా రాశావా?” అని అడగటం, అంతే. ఇన్నాళ్ళకు మొదటిసారి ఆ పిల్ల పరీక్ష వాళ్ళ చేతికొచ్చింది. వాళ్ళు ఊరుకుంటారా?

*

మంగళవారం ఆఫీసులో అంకెలు తెరిచి చూసిన డిగ్రీకి కళ్ళు చెమర్చాయి. నాన్న ముప్పై ఒక్క వేలు. అమ్మ ఇరవై మూడు వేలు. తాతయ్య పదివేలు. అత్త పదిహేను వేల చిల్లర. ‘నేను ఏసీలో కూర్చుని టీ తాగుతున్నాను, వీళ్ళు ఇంత కష్టపడుతున్నారా’ అనుకుని, ఆ పూట టీ మానేసింది.

పక్క సీటమ్మాయి కుర్చీ జరుపుకుని వచ్చి తెరలోకి తొంగిచూసింది. ఆమె కూడా ట్రైనీయే.

“మీ నాన్నగారు ఏం చేస్తారు?”

“దర్జీ.”

“దర్జీనా? నిన్న ముప్పై ఒక్క వేల అడుగులు నడిచారే!”

“మా నాన్న చాలా కష్టజీవి.”

“కాదనను. కానీ ఇది చూశావా? అన్ని అడుగులు వేశారు గానీ, పగలంతా గుండె ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.”

డిగ్రీ వెంటనే ఇంటికి ఫోను చేసింది. “నాన్నా! ఎలా ఉన్నావు?”

“భేషుగ్గా ఉన్నాను. ఎంతొచ్చింది?” వెనకాల మిషను గడగడలాడుతోంది.

బ్యాండు వదులుగా కట్టుకుని ఉంటాడని ఆమె సమాధానపడింది. తాతయ్యది మంగళవారమూ పదివేలే, బుధవారమూ పదివేలే. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పెద్దాయన క్రమశిక్షణ అని మురిసిపోయింది. ప్రేమ ఉన్నచోట లెక్క తొందరగా కుదురుతుంది.

గురువారం మాత్రం సర్దిచెప్పుకోవడం కుదరలేదు. అమ్మ వరస తెరిచేసరికి, సోమవారం నుంచి రోజూ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా గుండె నిమిషానికి నూటముప్పైసార్లు కొట్టుకుంటోంది. ఒంటిగంటకు హఠాత్తుగా గాఢనిద్ర. రెండున్నరకు మెలకువ. మళ్ళీ నూటముప్పై. మధ్యలో పదిన్నరకు ఐదారుసార్లు ఎక్కణ్ణుంచో కిందికి జారిపడినట్టు గీతలు.

“మా అమ్మ మధ్యాహ్నం పూట స్పృహ తప్పిపోతోంది,” అంది డిగ్రీ పక్క సీటమ్మాయితో, సంచీ అందుకుంటూ. “ఎవరికీ చెప్పడం లేదు.”

సెలవు చీటీ కూడా రాయకుండా పరిగెత్తింది.

అమ్మ పసిపిల్లల బడిలో ఆయా. డిగ్రీ రొప్పుకుంటూ వెళ్ళేసరికి బడి ముందు ఇసకలో ఇరవైమంది పిల్లలు జారుడుబల్ల చుట్టూ రేగిపోయి ఉన్నారు. అమ్మ అరుగుమీద తాపీగా కూర్చుని ఒక చొక్కాకు గుండీ కుడుతోంది. చేతికి బ్యాండు లేదు.

“అమ్మా! నీ బ్యాండేది?”

అమ్మ సూది ఆపింది. కూతురి ముఖం చూసింది. తర్వాత జారుడుబల్లవైపు చూసింది. అక్కడ మూడేళ్ళ చిచ్చరపిడుగు ఒకతి ఎడమచెయ్యి పైకెత్తి పట్టుకుని కేకలు పెడుతూ జారుతోంది. ఆ చేతికి, మోచేతి దగ్గర, రెండుసార్లు చుట్టి కట్టి ఉంది బ్యాండు.

“నాకెక్కడ కుదురుతుందే నడవడం?” అంది అమ్మ మెల్లగా. “ఈ గోడకీ ఆ గోడకీ మధ్యే నా బతుకు. నా లెక్క చూస్తే మూడువేలొచ్చింది. నావల్ల నువ్వు ఫెయిలైపోతావేమోనని... అది మహా చురుకైన పిల్ల. ఒక్కదానికే కడితే మిగతావాళ్ళు ఏడుస్తున్నారని రోజుకొకళ్ళకి కడుతున్నాను.”

“అమ్మా, నీకు నూటముప్పై కొట్టుకుంటోందని నాకు ప్రాణం పోయినంత పనైంది!”

“పసిపిల్లల గుండె అంతేనే. నీది కూడా అలాగే కొట్టుకునేది. నేను చేత్తో పట్టుకుని చూసేదాన్ని.”

ఇంతలో టీచరమ్మ బయటికొచ్చి, “నువ్వా ఆ వాచీ ఇచ్చింది? నాలుగు రోజులుగా ఒక్కళ్ళూ కూర్చోవడం లేదు తల్లీ! ఎవరు ఎక్కువ పరిగెడితే రేపు వాళ్ళకట,” అని చేతులు జోడించింది.

*

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. అమ్మ గుట్టు బయటపడ్డాక మిగతావాళ్ళు ఎంతోసేపు నిలవలేదు. డిగ్రీ నాన్న ముందు నిలబడి ఆయన కాళ్ళవైపు చూసింది. నాన్న కుడి ప్యాంటు అంచు కాస్త పైకి లాగాడు. చీలమండ దగ్గర, మేజోడు మీద, బిగించి కట్టి ఉంది.

“చేతికైతే ఏం రావడం లేదు తల్లీ,” అన్నాడు. “కాలికి కట్టి తొక్కితే, అబ్బ, మీటరులా తిరుగుతోంది. నువ్వొచ్చే వేళకి చేతికి మార్చేస్తున్నాను, ఇవాళే మరిచాను. పొడుగు కుట్లయితే ఇంకా బాగా వస్తున్నాయి. అందుకని పరదాలూ దుప్పట్లూ ముందు కుడుతున్నాను.”

“అవును మరి,” అంది అమ్మ. “నాలుగు రోజులుగా చొక్కాలకు గుండీలు కుట్టడం లేదు. గుండీకి కాలు ఆడదటగా! జనం వచ్చి చొక్కా పట్టుకుపోయి, బొడ్డు దగ్గర చేత్తో పట్టుకుని తిరిగొస్తున్నారు. బళ్ళో కూర్చుని నేను కుడుతున్న గుండీలు ఎవరివనుకున్నావు?”

“నీ జారుడుబల్ల సంగతి చూసుకో ముందు,” అన్నాడు నాన్న.

తాతయ్య మాత్రం గంభీరంగా కూర్చున్నాడు. “నాది నికరం. రోజుకు పదివేలు.”

“అదే ఎలాగో చెప్పు తాతయ్యా. పదివేల ఒకటి కూడా ఎందుకు రాలేదు?”

“పదివేలు కాగానే ఆపేసి, విప్పి పక్కన పెడతానుగా! ఎక్కువ చూపిస్తే పైవాళ్ళకి అనుమానం వస్తుంది. నా సర్వీసులో ఒక్కరోజు లెక్క తేడా రాలేదు.”

“నడుస్తూ ఆపేస్తావా?”

తాతయ్య కిటికీవైపు చూశాడు. నాన్నే చెప్పేశాడు. “ఎక్కడి నడక? టీవీ ముందు కూర్చుని చెయ్యి ఊపుతాడు. కుడిచేత్తో ఐదువేలు, మధ్యాహ్నం బ్యాండు మార్చుకుని ఎడమచేత్తో ఐదువేలు. నిన్నటి నుంచి భుజం పట్టేసి అన్నం నేను కలిపి పెడుతున్నాను.”

“నువ్వు కాలితో కుట్టేవాడివి నాకు చెప్పేవాడివిట్రా?” అన్నాడు తాతయ్య.

డిగ్రీ నేలమీద కూర్చుండిపోయింది. మూడు వరసలు పోయాయి. మిగిలింది ఒక్కటి. అందరూ మెల్లగా అత్తవైపు తిరిగారు. అత్త కాళ్ళు ముక్కాలిపీట మీద ఉన్నాయి. చేతిలో టీ ఉంది. బ్యాండు ఎడమ చేతికే ఉంది.

సోమవారం 15,870. మంగళవారం 16,340. బుధవారం 15,655.

“అత్తా,” అంది డిగ్రీ అలిసిపోయిన గొంతుతో. “నువ్వు దేనికి కట్టావు?”

“దేనికేమిటి? చేతికి.”

“ఎవరి చేతికి?”

అత్త టీ కిందపెట్టింది. “నా చేతికే. నాకు మూడో చెయ్యి లేదు.”

“నిజం చెప్పు వదినా, ఇప్పుడేం కాదులే,” అంది అమ్మ జాలిగా. “మేమంతా చెప్పేశాంగా.”

“మహారాణీ, పదహారు వేలంటే నమ్మేలా ఉండాలి కదమ్మా,” అన్నాడు తాతయ్య. “నాలా పదితో సరిపెట్టుకోవలసింది. ఇంట్లో నువ్వు లేచి మంచినీళ్ళు తాగగా నేను చూడలేదు.”

“ఆదివారం ఎంతొచ్చిందో చూడవే,” అంది అత్త.

డిగ్రీ చూసింది. “తొమ్మిది వందల పన్నెండు.”

“మరి? మోసం చేసేదాన్నైతే ఆదివారం ఎందుకు వదిలేస్తాను?”

“మొదటిరోజుకి ఉపాయం తట్టి ఉండదు,” అన్నాడు తాతయ్య. “నాకూ ఆదివారం సాయంత్రానికే తట్టింది.”

డిగ్రీ ఆ క్షణంలో చేసిన పని తర్వాత చాలాకాలం తల్చుకుని సిగ్గుపడింది. పెన్ను తీసి, కాగితం మీద నాలుగో వరస కూడా అడ్డంగా కొట్టేసింది.

అత్త ఆ గీతను చూసింది. కోపంగా అరవలేదు. పీట మీదనుంచి కాళ్ళు దించి, లేచి, వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఇరవై నాలుగేళ్ళుగా నడుస్తున్నాను. ఇంట్లో ఎవ్వరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ ముష్టి బ్యాండొక్కటే చెప్పింది. దాన్నీ కొట్టేశావు. రేపు నాతో రా. మంచి చెప్పులేసుకో.”

*

ఆఫీసులో ఒక పద్ధతుంది. ఏ అంకె మీద అనుమానమొచ్చినా మనిషి పక్కనే నడిచి చేత్తో లెక్కపెట్టాలి. అందుకోసం నొక్కితే ఒక్కో అంకె పెరిగే చిన్న ఇనుప డబ్బా ఒకటి ఇస్తారు. శుక్రవారం ఉదయం డిగ్రీ దాన్ని పిడికిట్లో పెట్టుకుని, రిపోర్టు పనిమీద బయట ఉంటానని ఆఫీసుకు చెప్పి, అత్త వెనక ఆస్పత్రికి వెళ్ళింది. మంచి చెప్పులు వేసుకోలేదు. ఆఫీసు బూట్లు వేసుకుంది.

గేటు దగ్గర కాపలావాడు చూసి, “ఏంటక్కా, ఇవాళ తోక తగిలించుకొచ్చావు?” అన్నాడు.

“మా తమ్ముడి కూతురు. డిగ్రీ చదివింది. నేను నడుస్తానో లేదో చూడ్డానికొచ్చింది.”

“అదృష్టవంతురాలివి. నేను నిలబడతానో లేదో చూడ్డానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.”

అత్త పని పాత రికార్డుల గదిలో. అది అడుగు అంతస్తులో, ఆ చివర ఉంది. రోగి వచ్చి చీటీ కిటికీలో తన నంబరు చెబుతాడు. కిటికీలో గుమాస్తా ఒక ముక్క కాగితం రాస్తాడు. అత్త ఆ ముక్క పట్టుకుని అడుగు అంతస్తుకు దిగి, అరల మధ్య వెతికి, ఫైలు తీసి, వాలుదారి ఎక్కి, ఆ రోగి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో ఆ గదికి చేర్చాలి. చూపించుకోవడం అయిపోయిన ఫైళ్ళు తిరిగి తేవాలి. లిఫ్టు ఉంది గానీ అది రోగులకూ మంచాలకూ. డాక్టర్ల గదులు మూడు భవనాల్లో ఉన్నాయి. ఆ భవనాలకు ఒకదానిమీద ఒకదానికి ఏదో పాతపగ ఉన్నట్టుంది, కట్టినవాడు అంత దూరదూరంగా విసిరేశాడు.

ఎనిమిదింటికి మొదలైంది. టిక్, టిక్, టిక్. ఎనిమిదిన్నరకు డిగ్రీ దుపట్టా నడుముకు చుట్టుకుంది. తొమ్మిదిన్నరకు కుడి బూటు కరిచింది. పదింటికి ఎడమ బూటు కూడా ఆ పని నేర్చుకుంది.

“అత్తా, కాస్త మెల్లగా...”

“మెల్లగా వెళితే పైన ఆ మనిషి ఎదురుచూడాలి. ఇందాక చూశావా, ఆ ముసలాయన? గుండె డాక్టరు పన్నెండింటికి లేచి వెళ్ళిపోతాడు. ఈలోగా ఫైలు చేరకపోతే ఆయన మళ్ళీ రేపు రావాలి.”

“ఇంకెవరూ లేరా?”

“ఉన్నారు. మోకాళ్ళు అరిగిపోయి కుర్చీలో కూర్చుని నంబర్లు రాస్తారు. మేమంతా అక్కడే తేలతాం చివరికి.”

డిగ్రీ రొప్పుతూ నవ్వబోయి మానేసింది. టిక్కులు తప్పిపోతాయి.

పదకొండు దాటాక డబ్బా మీద 9,999 కనపడింది. ఇంకొకసారి నొక్కింది. నాలుగూ సున్నాలైపోయాయి. “అత్తా!” అని ఆమె పెట్టిన కేకకు నర్సొకామె గదిలోంచి బయటికొచ్చింది.

“ఏమైందే?”

“పదివేలు అయిపోయాయి. దీనికి అంతకుమించి లెక్క రాదు.”

“నా నడకంతా మింగేసిందా?”

“లేదు లేదు, పుస్తకంలో గీత పెట్టుకుంటాను.” అరచేతిలో పుస్తకం పెట్టుకుని గీత పెట్టింది. అప్పుడే యథాలాపంగా అత్త చేతి బ్యాండు చూసింది. 7,431.

డిగ్రీ ఆగిపోయింది. చేత్తో లెక్కపెడితే పదివేలు. బ్యాండులో ఏడువేల చిల్లర. అనుమానపడి తను కొట్టేసిన అంకె ఎక్కువ కాదు. తక్కువ!

“అత్తా, నువ్వు మళ్ళీ ఇందాకటిలా నడు. ఏమీ మార్చకు.”

“నేనేం మార్చానే? నాకొచ్చింది ఒక్కటే నడక.”

ఇప్పుడు డిగ్రీ అడుగులవైపు కాకుండా చేతులవైపు చూసింది. ఖాళీ చేతులతో కిందికి దిగేటప్పుడు అత్త చేతులు ఊగుతున్నాయి, బ్యాండు లెక్కపెడుతోంది. ఫైళ్ళతో పైకి ఎక్కేటప్పుడు ఆమె రెండు చేతులూ వాటిని గుండెకు హత్తుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు కదలకుండా ఉన్నాయి. కాళ్ళు నడుస్తున్నాయి, చేతులు నడవడం లేదు. చెయ్యి కదలకపోతే ఆ మనిషి నిలబడి ఉందని బ్యాండు నమ్ముతోంది.

“ఎప్పుడూ ఇలాగే పట్టుకుంటావా?”

“ఎలా పట్టుకోమంటావు? ఇవి పాతవి, కుట్లు ఊడిపోయాయి. ఒక్క కాగితం జారి పక్క ఫైల్లో పడిందంటే ఒకళ్ళ రోగం ఇంకొకళ్ళకి అంటుకుంటుంది. చేతులూపుకుంటూ నడవడానికి నేనేమన్నా షికారుకొచ్చానా?”

నాలుగింటికి పని ముగిసింది. పుస్తకంలో రెండు గీతలు, డబ్బా మీద 1,306. మొత్తం ఇరవై ఒక్క వేల మూడు వందల ఆరు. బ్యాండులో 16,012. డబ్బా నొక్కీ నొక్కీ డిగ్రీ బొటనవేలు బూరెలా వాచింది. బూట్లు చేతిలో పట్టుకుని బస్సెక్కింది. అత్త ఆమెకు కిటికీ పక్క సీటిచ్చి, “పొద్దునే చెప్పాను, మంచి చెప్పులేసుకోమని,” అంది.

ఇంటికి రాగానే ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూలబడ్డారు. డిగ్రీ కూడా కాళ్ళు తెచ్చి ముక్కాలిపీట మీదే పెట్టింది. ఇద్దరూ ఒకేసారి “టీ” అన్నారు.

డిగ్రీ అంకె చెప్పింది. తాతయ్య పట్టేసిన భుజం నిమురుకుంటూ, “ఇరవై ఒక్క వేలు... నడిచేనా?” అన్నాడు. ఆ తర్వాత ఆయన మహారాణి అని పిలవలేదని చెప్పలేం. పిలిచాడు, గొంతు కాస్త తగ్గించి. అమ్మ రెండు గ్లాసులు తెచ్చి ఇచ్చి, నిలబడి, “అంతా బాగానే ఉంది వదినా, కాళ్ళు కాస్త తియ్యి, కింద తుడవాలి,” అంది. అత్త తీయలేదు. అమ్మ పీట చుట్టూ తుడుచుకుని వెళ్ళింది.

*

చిక్కు మాత్రం అలాగే ఉంది. నాలుగింట్లో మూడు వరసలు నిలబడాలి. నిలబడేది ఒక్కటి.

ఆదివారం నాన్న గుండీలు కుడుతూ మెల్లగా అన్నాడు. “అంకెలు బాగానే ఉన్నాయిగా తల్లీ. అలాగే పెట్టెయ్యకూడదూ? బుధవారమైతే ముప్పై ఎనిమిది వేలు! అంత మార్కు ఎవరికొస్తుంది? నా కాలు సంగతి ఆ మేడానికి ఎవరు చెబుతారు?”

“నేనే చెప్పాలి నాన్నా. అదే నా ఉద్యోగం.”

“చెబితే ఉద్యోగం ఉండదంటున్నావుగా?”

“ఊఁ.”

నాన్న దారం కొరికాడు. “నీ చదువు నాకెప్పుడూ అర్థం కాదు,” అన్నాడు. కానీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సోమవారం పది గంటలకు రిపోర్టు మేడం బల్లమీద ఉంది. డిగ్రీ బల్ల ముందు నిలబడింది. మేడం కళ్ళజోడు సర్దుకుని వరసల పక్కన రాసిన వివరాలు చదవడం మొదలుపెట్టింది.

“మొదటి వరస, దర్జీ. ‘బ్యాండు చీలమండకు కట్టారు. ఇవి అడుగులు కావు, కుట్లు.’” మేడం తలెత్తలేదు. “రెండో వరస, బడి ఆయా. ‘ఇవి నలుగురు పిల్లల అడుగులు. అందరి వయసు మూడేళ్ళు. ఆయా గారు ఆరోగ్యంగా ఉన్నారు.’ మూడోది, విశ్రాంత కండక్టరు. ‘పదివేలూ కూర్చునే వేశారు.’”

మేడం భుజాలు కదిలాయి. ఆవిడ గబుక్కున రిపోర్టు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కాగితం చాలాసేపు వణికింది. కాగితం వెనక ఏం జరిగిందో డిగ్రీ చూడలేదు, కాబట్టి రుజువు లేదు.

నాలుగో వరస దగ్గర కాగితం కిందికి దిగింది. మేడం దాన్ని రెండుసార్లు చదివింది. “బ్యాండు తక్కువ చూపించిందా?”

“అవును మేడం. రెండు చేతులతో బరువు పట్టుకుని నడిస్తే లెక్కపెట్టడం లేదు. ఒక్కరోజులో ఐదువేల రెండు వందల తొంభై నాలుగు అడుగులు పోయాయి.”

“రుజువేది?”

డిగ్రీ గీతలున్న పుస్తకం పెట్టింది. డబ్బా పెట్టింది. ఆలోచించి, వాచిన బొటనవేలు కూడా చూపించింది.

మేడం లేచి, బల్లమీదున్న ఒక బ్యాండు చేతికి కట్టుకుని, అరలోంచి నాలుగు లావుపాటి పుస్తకాలు గుండెకు హత్తుకుని, గదిలో ఆ గోడకూ ఈ గోడకూ నడిచింది. ఆఫీసంతా అద్దంలోంచి చూస్తోంది. వంద అడుగులు వేసి, ఆగి, బ్యాండు చూసుకుంది. ఇరవై రెండు.

“రూలు రూలే,” అంది చివరికి. “మూడు వరసలు పోయాయి. నీ ఇంటి పరీక్ష తప్పింది.”

“తెలుసు మేడం.”

“ఇంకో నెల గడువిస్తాను. మళ్ళీ చెయ్యి. నలుగుర్ని కొత్తగా వెతుకు, మీ ఇంట్లోవాళ్ళు వద్దు. చేతులు ఊపకుండా నడిచేవాళ్ళు కావాలి. తోపుడుబండ్లవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, బరువులు మోసేవాళ్ళు. ఈ లోపం సరిచేసేదాకా ఆ పని నీదే. బూట్లు మాత్రం మార్చు.”

ఆ నెల డిగ్రీ ఎంత నడిచిందో లెక్క ఉంది గానీ ఇక్కడ అక్కర్లేదు. నాలుగు వరసలూ నిలబడ్డాయి, ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం ఇంటికి తెచ్చిన రోజు నాన్న, “మొత్తం మీద ఎన్ని మార్కులొచ్చాయి?” అని అడిగాడు. “నూటికి నూరు నాన్నా,” అంది. ఆ ఒక్కటే ఆమె చెప్పిన అబద్ధం.

ఇప్పుడు ఆ బ్యాండు దుకాణాల్లో దొరుకుతోంది. పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద, చిన్న అక్షరాల్లో, ‘చేతులు కదలకపోయినా అడుగులు లెక్కిస్తుంది’ అని ఒక ముక్క ఉంటుంది. అది ఎవరి చేతుల వల్ల వచ్చిందో అందులో రాయలేదు. రాయరు కూడా. అత్త ఆ బ్యాండు కట్టుకోవడం మానేసింది, పనిలో అడ్డమొస్తోందట. రోజూ ఎనిమిదింటికి అదే వాలుదారి ఎక్కుతూనే ఉంది.

మీరు ఎప్పుడైనా ఆస్పత్రి కిటికీ ముందు నిలబడి, పాత ఫైలు అడిగి, పది నిమిషాలైనా రాలేదని గడియారం చూసుకుంటూ విసుక్కుంటున్నప్పుడు, ఎక్కడో అడుగు అంతస్తులోంచి మీ కాగితాలు ఒక్కటీ జారకుండా గుండెకు హత్తుకుని ఒకామె వస్తూ ఉంటుంది. ఆమెను కాస్త గుర్తుంచుకోండి.